దూకితే చందా!

ఇంగ్లండులో బ్రిస్టల్ నగరం వెళ్ళినవారు క్లిఫ్టన్ వేలాడే వంతెన చూడకుండా రారు. 1864లో తెరిచిన ఆ వంతెన మీంచి సుమారు 75 మీటర్ల దిగువన పారే ఏవన్ నదిని చూస్తే కళ్ళు తిరుగుతాయి. 1979 ఏప్రిల్ 1న నలుగురు సాహసికులు రబ్బరు తాళ్ళు కట్టుకుని అక్కణ్ణించే దూకారు. పోలీసులు వెంటనే పట్టుకున్నారు! నేటి బంజీకి అదే నాంది.

ఆ సరదాయే ఆ దేశంలో తరవాత ధర్మకార్యానికి అక్కరకొచ్చింది. "నేను దూకుతాను, ఆస్పత్రికి మీరేమిస్తారు?" అని ఇరుగుపొరుగువారినీ, తోటి ఉద్యోగులనూ అడిగి చందాలు రాయించుకుంటారు. దూకేది సాధారణంగా ఎత్తయిన క్రేను మీంచి. ముందుగా మనిషిని తూచి, ఆ బరువుకు తగిన తాడు ఎంచి కడతారు. తాడు సాగుతూ వేగాన్ని మెల్లగా అణచి, మనిషిని మళ్ళీ పైకి లాగుతుంది.

ఇందులో ఒక మెలిక ఉంది. దూకడానికి రుసుము కట్టాలి. అది చందాల్లోంచే కడితే రోగులకు చేరేది ఆ మేరకు తగ్గుతుంది. సొంత డబ్బుతో కట్టుకున్నవారి చందా పైసాతో సహా చేరుతుంది.

అంచున నిలబడ్డాక వద్దనుకుంటే దిగి రావచ్చు. కానీ పట్టీలో పేరు రాసిన పక్కింటివారికి మర్నాడు ముఖం చూపించాలి కదా!