నంజుకోవడానికి ఏముంది?

సంక్రాంతి వెళ్ళాక మా అమ్మ హైదరాబాదు వచ్చింది. సంచీలో పండుమిరపకాయ పచ్చడి, గోంగూర, మూడు కిలోల ఎండుమిర్చి. వచ్చిన గంటలోనే ఫ్రిజ్ తెరిచింది. పెరుగు గిన్నె వెనక నేను దాచిన సీసా బయటపడింది. సారా వ్యతిరేక ఉద్యమ కథల మీద పీహెచ్‌డీ చేసిన కూతురి ఇంట్లో వైట్ వైన్!

"ఏంటే ఇది?"

"ద్రాక్షరసం లాంటిదేలే అమ్మా." ముప్పై అయిదేళ్ళొచ్చినా నాకు అబద్ధం చెప్పడం చేతకాదు.

1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో ఆడవాళ్ళు సారా దుకాణం మూయించిన కబురు మా గుంటూరు, ప్రకాశం సరిహద్దు పల్లెలకు చేరినప్పుడు నాకు రెండేళ్ళు. నన్ను చంకనేసుకుని అమ్మ కూడా కొట్టు ముందు కూర్చుందట. అంతకు ముందు కొన్నేళ్ళుగా ప్రభుత్వమే ‘వారుణి వాహిని’ పేరుతో సారాను ప్యాకెట్లలో పల్లెలకు పంపింది. 1993లో సారా నిషేధం, 1995లో సంపూర్ణ మద్య నిషేధం, 1997లో దాని సడలింపు... థీసిస్‌లో వీటన్నిటికీ నేనిచ్చింది ఒక పేరా.

సీసాలోది సావిన్యాన్ బ్లాంక్. పుట్టిల్లు ఫ్రాన్స్. మన దేశంలో నాసిక్ దగ్గర సూలా వాళ్ళు 2000లో మొదటగా విడుదల చేసిన వైన్లలో ఇదొకటి. నేను గ్లాసులో పోసుకుంటుంటే అమ్మ లాక్కుని వాసన చూసింది.

"పచ్చిమిరపకాయ విరిచినట్టుందే!"

నాకు మతి పోయింది. పుస్తకాల్లో చదివిన సంగతది. ఈ ద్రాక్షలోనూ, మిరప జాతి కాయల్లోనూ ఉండే పైరజీన్లనే పదార్థాల వల్లే ఆ పచ్చి వాసన. వాసనకి పేరు పెట్టడానికి వైన్ రుచి చూసేవాళ్ళు ఏళ్ళ తరబడి తర్ఫీదవుతారు. అమ్మ తర్ఫీదు మిరపచేలో కూలికి వెళ్ళి అయింది. కళ్ళంలో తొడిమలు తీసిన రాత్రి ఆమె చేతులు మండితే నీళ్ళు పనిచేసేవి కాదు, కొబ్బరినూనె రాసుకునేది. మిరప ఘాటు నూనెలో కరుగుతుంది, నీళ్ళలో కరగదు.

సరే, దీంతో ఏం తినాలి? గోంగూరతో అయితే వైన్ ఓడిపోయింది. తిండి పులుపు వైన్ పులుపును మించితే వైన్ చప్పగా అయిపోతుంది. పండుమిరపకాయ పచ్చడితో ఇంకా ఘోరం. మద్యం మంటను ఆర్పదు సరికదా, ఎగదోస్తుంది. మా గుంటూరు నాలుకకి ఇది పనికిరాదేమో అనుకుంటుంటే పెసర పునుగులు గుర్తొచ్చాయి. ఉప్పు, నూనె, వేడి. చల్లటి పుల్లటి గుటక వాటి మీద నిమ్మకాయ పిండినట్టు పనిచేస్తుంది.

ఆ మాట పైకి అన్నానో లేదో అమ్మ లేచి కొంగు దోపుకుంది. పప్పు ఎక్కడుందని అడుగుతూ ఆగిపోయింది.

"మీ నాయన కూడా ఇంతే. నంజుకోవడానికి ఏముందే అనేవాడు. ఇంట్లో గింజ లేకపోయినా వేయించి పెట్టాలి. చల్లారితే పళ్ళెం గోడకేసి కొట్టేవాడు."

అలా పెట్టేవాళ్ళ గురించి నా థీసిస్‌లో ఒక్క వాక్యం లేదు. తాగొచ్చి కొట్టినవాళ్ళ గురించి, దుకాణాలు తగలబెట్టినవాళ్ళ గురించి రాశాను. ఏ వైన్‌కి ఏ వంటకం నప్పుతుందో చెప్పే పుస్తకాల్లోనూ వండేవాళ్ళు కనిపించరు. వంటకాలు వాటంతటవే వచ్చి గ్లాసు పక్కన కూర్చుంటాయి!

"నువ్వు కూర్చో" అన్నాను. పెసరపప్పు నానబోశాను. రెండు గంటలయ్యాక పిండి రుబ్బి నేనే వేశాను. అమ్మ బల్ల దగ్గర కూర్చుని, "నూనె కాగలేదు, తొందరపడకు" అంటూనే ఉంది. పునుగులు ఒక్కటీ గుండ్రంగా రాలేదు. వేడిగా తిన్నది. గ్లాసులో వేలు ముంచి నాలుక మీద రాసుకుని మొహం చిట్లించింది.

"ఇది నువ్వొక్కదానివే తాగుతావా?"

"ఎప్పుడన్నా, ఒక గ్లాసు."

"తాగాక ఎవర్నైనా తిడతావా?"

"లేదమ్మా."

నమ్మిందో లేదో తెలియదు. మజ్జిగ పోసుకుని ఇంకో నాలుగు పునుగులు తిన్నది. పడుకోబోయే ముందు వంటింట్లోంచి పిలిచి చెప్పింది.

"ఆ సీసా అయిపోతే పారెయ్యకే. కొబ్బరినూనెకి బాగుంటుంది."