ఆ ఒక్క ‘ఎస్’

ప్రైమరీ స్కూల్లో ఇంగ్లిష్ వాక్యాలంటే నల్లబల్ల మీద గళ్ల పట్టికే. మొదటి గడిలో హీ, షీ, రాము. పక్కన ఈట్స్, రీడ్స్. ఆ పక్కన మ్యాంగో, బుక్. ఎవడో ‘రాము ఈట్స్ ఎ బుక్’ అంటాడు, తరగతంతా గొల్లుమంటుంది. వ్యాకరణం ప్రకారం మాత్రం వంక పెట్టడానికి లేదు! 1958లో హైదరాబాద్‌లో సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇంగ్లిష్, అంటే నేటి ఇఫ్లూ, పెట్టిందే ఇంగ్లిష్ చెప్పే టీచర్ల తర్ఫీదు కోసం.

నన్ను ఆలోచనలో పడేసేది ఈట్స్, రీడ్స్ చివర ఉన్న ఆ ‘ఎస్’. మన పిల్లలు బడి గడప తొక్కకముందే తింటాడు, తింటుంది, తింటాం, తింటారు అని తడుముకోకుండా అంటారు. తినేదెవరో క్రియే చెప్పేస్తుంది. అంత పని చేసే పిల్ల ‘షీ ఈట్’ అని రాస్తే ఎర్ర సిరా గీత. పోనీ ఎస్ పెట్టడం అలవాటైందనుకుంటే, ప్రశ్నలో ‘డజ్’ వచ్చి దాన్ని లాగేసుకుంటుంది. ‘డజ్ షీ ఈట్స్’ అనడం నా దృష్టిలో బద్ధకం కాదు, అతి జాగ్రత్త. మనకేమో చివర ఒక దీర్ఘం తీస్తే చాలు: తింటుందా?

తెలంగాణ సర్కారు బడుల్లో 2022-23 నుంచి ఇంగ్లిష్ మీడియం వచ్చింది. పుస్తకంలో ఒక పేజీ తెలుగు, ఎదుటి పేజీ ఇంగ్లిష్. అయినా రెండు వాక్యాలనూ పక్కపక్కన పెట్టి తేడా చూపించడానికి కొందరు టీచర్లు జంకుతారు. ఇంగ్లిష్ పీరియడ్‌లో తెలుగేమిటని తనిఖీకి వచ్చినవాళ్లు అడుగుతారేమోనట.