అన్నం ఇంట్లో, కూరలు వీధి చివర

సాయంత్రం ఏడు దాటాక హైదరాబాద్ కూకట్‌పల్లిలోనో, విజయవాడ సత్యనారాయణపురంలోనో, విశాఖ ఎంవీపీ కాలనీలోనో ఇంటిదారి పట్టిన మనిషి ఫోన్లో చెప్పే మాట ఒకటుంది. "రైస్ పెట్టెయ్, కర్రీస్ నేను పట్టుకొస్తా." బియ్యం కడిగి కుక్కర్‌లో పెట్టడం ఇంటి వంతు. పప్పూ కూరా సాంబారూ వీధి చివరి కర్రీ పాయింట్ వంతు. తినేది మాత్రం ఇంట్లోనే, ఇంటి కంచాల్లోనే, ఇంటి ఆవకాయ నంజుకునే. దాన్ని హోటల్ భోజనం అనడానికి లేదు, ఇంటి వంట అనడానికీ లేదు. బిర్యానీకీ ఇడ్లీ బండికీ వచ్చినంత పేరు ఈ కొట్టుకి రాలేదు గానీ, పట్టణాల్లో ఎన్నో ఇళ్ళ రాత్రి భోజనం దీని మీదే నడుస్తోంది.

చూడటానికి కొట్టు ఏమంత ఉండదు. ఒక్క షట్టరు వెడల్పు, ముందు స్టీలు కౌంటరు, దాని మీద మూతలు పెట్టిన గిన్నెలు. ఒక పప్పు, రెండు మూడు వేపుళ్ళు, రెండు గ్రేవీ కూరలు, ఒక పచ్చడి, సాంబారు, రసం, పెరుగు. కూర కవరు చాలాచోట్ల 30 నుంచి 50 రూపాయల మధ్య. పప్పు ఇవాళ పాలకూరదైతే రేపు దోసకాయది, ఎల్లుండి మామిడికాయది. బెండకాయ వేపుడు, దొండకాయ వేపుడు, ఆలూ ఫ్రై మాత్రం తమ చోటు వదలవు. కౌంటర్ వెనక నిలబడ్డ కుర్రాడు కవరు మూతి రెండు వేళ్ళతో తెరిచి, గరిటెడు సాంబారు పోసి, మెలిపెట్టి, రబ్బరు బ్యాండు చుట్టి ఇచ్చే వేగం చూస్తే ముచ్చటేస్తుంది. ఒక్క చుక్క కింద పడదు.

ఇలాంటి కొట్లు ఇక్కడే ఉన్నాయని కాదు. పుణె, ముంబై వీధుల్లో పోళీ-భాజీ కేంద్రాలు ఎప్పటి నుంచో ఉన్నాయి. అయితే అక్కడ జనం ముందు అడిగేది చపాతీలు. పిండి కలిపి, ఒత్తి, ఒక్కొక్కటీ కాల్చే పని ఆఫీసు నుంచి వచ్చిన మనిషికి భారం కాబట్టి ఆ భారాన్నే కొట్టుకి అప్పగించారు. తెలుగింట్లో లెక్క తిరగబడింది. ఇక్కడ ముఖ్యాహారం వండటం తేలిక, దాని పక్కన రావలసినవే కష్టం.

తెలుగు భోజనానికి ఒక వరస ఉంది. ముందు పచ్చడితోనో పొడితోనో నేతి ముద్ద, తర్వాత పప్పు, కూర, ఆపైన చారో పులుసో, చివర పెరుగు. నిండుగా లేకపోయినా కనీసం ఒక కూర, ఒక జారుడు, పెరుగు ఉండాలి. వేపుడు ఒక్కటే ఉంటే "కలుపుకోవడానికేం లేదా?" అంటారు. చారు ఒక్కటే ఉంటే "నంజుకోవడానికేం లేదా?" అంటారు. ఈ వరస ఉమ్మడి కుటుంబం కొలతకి తయారైంది. ఎనిమిది మంది తినే ఇంట్లో నాలుగు రకాలు చేస్తే పనికి తగ్గ ఫలితం కనిపిస్తుంది. ఇద్దరే ఉన్న ఇంట్లో అవే నాలుగు రకాలు చేయాలంటే నాలుగుసార్లు తాలింపు వేయాలి, నాలుగు గిన్నెలు తోమాలి. చింతపండు నానబెట్టి, పిసికి, చారు మరగనివ్వడానికి ఒక్కరి కోసమైనా ఆరుగురి కోసమైనా దాదాపు అంతే సేపు. కుటుంబం చిన్నదైంది, భోజనం వరస చిన్నది కాలేదు. ఆ రెంటి మధ్య ఖాళీలో కర్రీ పాయింట్ పుట్టింది.

అందుకే దీన్ని ఇంటి వంట క్షీణతగా చూడటం సరికాదు. కర్రీ పాయింట్ లేకపోతే ఆ ఇద్దరూ నాలుగు రకాలు వండుకుని తినేవారా? ఎక్కువ రోజులు ఎగ్ ఫ్రైడ్ రైసో నూడుల్సో అయ్యేది. దొండకాయ, బీరకాయ, గోంగూర, తోటకూర పప్పు లాంటివి పాతికేళ్ళ ఉద్యోగస్తుల కంచంలో ఇంకా కనిపిస్తున్నాయంటే ఆ పుణ్యంలో సగం ఈ కొట్లదే.

డబ్బిచ్చి బయటి చేతి వంట తినడం తెలుగువాళ్ళకు కొత్తేమీ కాదు. కాకతీయుల ఓరుగల్లు వీధులను చూపించే 'క్రీడాభిరామం'లో ఒక్క రూకకు కమ్మటి భోజనం పెట్టే పూటకూళ్ళ ఇల్లు కనిపిస్తుంది. గురజాడ 'కన్యాశుల్కం' 1892లో విజయనగరంలో మొదటిసారి ఆడింది, 1897లో అచ్చయింది. అందులో పూటకూళ్ళమ్మ పాత్ర తెలియని తెలుగు పాఠకుడు అరుదు. వితంతువుకి లోకం దాదాపు అన్ని దారులూ మూసేసిన రోజుల్లో వంట ఒక్కటే ఆమెకి బతుకుతెరువు. సరుకులు తెస్తానని ఆమె దగ్గర గిరీశం తీసుకుపోయిన ఇరవై రూపాయలు ఆ వంటింటి పెట్టుబడి. నాటకం చూస్తున్నప్పుడు గిరీశం మాటలకి నవ్వుతాం గానీ, ఆ డబ్బు పోయిన పూట ఆమె పొయ్యి మీద ఏం పెట్టి ఉంటుందన్నది అడగవలసిన ప్రశ్నే.

పూటకూళ్ళ తర్వాత మెస్సులు వచ్చాయి. బ్యాంకు ఉద్యోగులు, లెక్చరర్లు, బదిలీ మీద ఒంటరిగా వచ్చిన గుమాస్తాలు నెలవారీ లెక్కన తినేవాళ్ళు. కోస్తా ఊళ్ళలో క్యారియర్ భోజనం నడిచింది. హోటల్ నుంచి స్టీలు క్యారేజీలో అన్నం, పప్పు, కూర, సాంబారు వచ్చేవి. ఒక మనిషి కోసం తెప్పించినది ఇద్దరికి సరిపోయేది. అన్నం ఇంట్లోనే వండుకుని కూరలు మాత్రం తెచ్చుకోవడమనే విడదీత వీటి తర్వాత వచ్చింది. దానికి కావలసిన యంత్రం అప్పటికి ఇళ్ళలోకి చేరింది.

అదే ఎలక్ట్రిక్ రైస్ కుక్కర్. జపాన్‌లో తోషిబా 1955లో దీన్ని మార్కెట్‌లోకి తెచ్చింది. మామూలు కుక్కర్ పని చేసే తీరు భలే సులువు. గిన్నెలో నీళ్ళున్నంత సేపూ వేడి నూరు డిగ్రీలు దాటదు. బియ్యం నీళ్ళన్నీ పీల్చుకోగానే గిన్నె అడుగు ఇంకా వేడెక్కుతుంది. నూరుకి కాస్త పైన, అడుగున ఉన్న ప్రత్యేకమైన అయస్కాంతం పట్టు వదిలేస్తుంది, మీట టక్కున పైకి లేస్తుంది. గంజి వార్చడం, మంట తగ్గించడం, పొంగు కనిపెట్టి ఉండటం అన్నీ ఆ అయస్కాంతమే చూసుకుంటుంది. ఒకటికి రెండు నీళ్ళు, ఒక స్విచ్. గరిటె పట్టడం రాని వాడు కూడా అన్నం వండగలిగాడు.

అయినా అన్నం కొట్లో దొరకదని కాదు. చాలా కర్రీ పాయింట్లు కవర్లో అన్నం కూడా అమ్ముతాయి, కొనేవాళ్ళు మాత్రం తక్కువ. ఒకరికి మెత్తగా ఉండాలి, ఒకరికి మెతుకు మెతుకు విడివడాలి. పెరుగన్నానికి కాస్త మెత్తనిది కావాలి, పులిహోరకి పొడిపొడిది కావాలి. కొత్త బియ్యమైతే నీళ్ళు తగ్గాలి, పాతవైతే పెరగాలి. బాపట్ల నుంచి 1986లో విడుదలై ఇంటింటికీ చేరిన బీపీటీ 5204 సాంబ మసూరి లాంటి సన్నబియ్యం మీద తెలుగువాళ్ళకున్న పట్టింపు, కూర విషయంలో కూడా లేదేమో. కూర రుచి అటూ ఇటూ అయినా సర్దుకుపోతారు. చల్లారి గడ్డకట్టిన అన్నం దగ్గర సర్దుకోరు.

హైదరాబాద్‌లో ఈ కొట్లకి ఊపు తెచ్చింది వలస. 1998లో సైబర్ టవర్స్ తెరుచుకున్నాక సాఫ్ట్‌వేర్ కొలువుల కోసం జిల్లాల నుంచి వచ్చిన కుర్రకారు అమీర్‌పేట, ఎస్సార్ నగర్, కూకట్‌పల్లి గదుల్లో నలుగురేసి దిగారు. ఇద్దరు అన్నం చూసుకుంటే ఇద్దరు కూరలకి వెళ్ళేవాళ్ళు. పొయ్యి అసలే లేని హాస్టళ్ళ వాళ్ళు మెస్సు మీద బతికారు. అది ఎంత సన్నటి దారం మీద నడుస్తున్న జీవితమో 2020 మార్చి చివరి వారంలో తేలింది. లాక్‌డౌన్‌లో హాస్టళ్ళు మూసేస్తామనగానే వేల మంది బ్యాగులతో పోలీస్ స్టేషన్ల ముందు పాసుల కోసం బారులు తీరారు. కొందరు ఆంధ్ర సరిహద్దు దాకా వెళ్ళి జగ్గయ్యపేట దగ్గర గరికపాడులో ఆగిపోయారు. వాళ్ళలో చాలామందికి సంపాదన ఉంది, చేతిలో డబ్బుంది. లేనిదల్లా అన్నం వండుకునే చోటు.

ఇక రుచి సంగతి. కర్రీ పాయింట్ వంటకి తనదైన తీరు ఉంటుంది. ఇంట్లో బెండకాయని మూకుడులో కొద్దిపాటి నూనెలో నింపాదిగా వేయిస్తారు. అక్కడ ముక్కల్ని నూనెలో దేవి తీసి, వేరుశనగపప్పులు కలిపి, పైన కారం చల్లుతారు. అలా చేస్తే మధ్యాహ్నం చేసినది రాత్రికీ కరకరలాడుతుంది. ఇంటి తీరులో చేస్తే సాయంత్రానికే మెత్తబడి జిగురు తేలుతుంది. గ్రేవీ కూరల మీద నూనె తేలడానికీ కారణం ఉంది. చూడగానే నోరూరాలి, గంటల తరబడి గిన్నెలో ఎండిపోకూడదు. పులుసు కూరలకి నిలవ ఉన్నకొద్దీ రుచి పెరుగుతుంది కాబట్టి తెలిసిన కొనుగోలుదారు రాత్రి తొమ్మిదింటికి వేపుడు జోలికి పోకుండా వంకాయ పులుసు అడుగుతాడు. టమాట ధర వంద దాటితే టమాట పప్పు కనపడదు, దాని చోట దోసకాయ పప్పు వస్తుంది. 2023 జులైలో ఆ ధరలు ఎంత దూరం పోయాయో ఇంకా అందరికీ గుర్తే.

ఇంట్లో చేత్తో వేసే ఉప్పు ఎవరి కోసం వేస్తున్నామో తెలిసి వేసేది. కొట్లో ఉప్పు అందరి కోసం వేసేది. ఈ తేడా మాత్రం ఏ వంటవాడూ పూడ్చలేడు. తాలింపులో ఇంగువ పడని పిల్లాడు, వెల్లుల్లి తినని అత్తగారు, కార్తీక మాసంలో ఉల్లి మానేసిన నాన్నగారు ఇంటి వంటింటికి గుర్తుంటారు.

అసలు మాట్లాడవలసింది వండే మనిషి గురించి. కేంద్ర ప్రభుత్వం 2019లో చేసిన సమయ వినియోగ సర్వేలో, జీతం లేని ఇంటి పనులు చేసే ఆడవాళ్ళు వాటి మీద రోజుకు సగటున 299 నిమిషాలు పెడుతున్నారని తేలింది. ఆ పనులు చేసే మగవాళ్ళు పెట్టేది 97 నిమిషాలు. 2024 సర్వేకి అవి 289, 88 అయ్యాయి. ఐదేళ్ళలో ఆడవాళ్ళకి పది నిమిషాలు తగ్గితే, మగవాళ్ళకీ తొమ్మిది తగ్గాయి. దాదాపు ఐదు గంటల చాకిరీలో కూరగాయలు తరగడం, పప్పు ఉడికించడం, గిన్నెలు తోమడం ఎంత భాగమో ఏ ఇల్లాలినడిగినా చెబుతుంది. కర్రీ పాయింట్ నుంచి రెండు కవర్లు వచ్చిన రాత్రి ఆమెకి మిగిలే గంట నిజమైన గంట. పిల్లల హోంవర్కుకో నిద్రకో పనికొచ్చే ఆ గంటని "బద్ధకం" అనే హక్కు, ఆ వంటింట్లో ఎప్పుడూ నిలబడని వాళ్ళకి లేదు.

ఆ పని మాయమైపోలేదన్నదీ అంతే నిజం. అది వీధి చివరికి మారింది. చాలా కొట్లను భార్యాభర్తలే నడుపుతారు. ఆయన కౌంటర్లో, ఆమె లోపల పొయ్యి దగ్గర. మార్కెట్ సరుకు తెల్లవారుజామునే రావాలి, పదకొండింటికి మధ్యాహ్నం వంట సిద్ధం కావాలి, నాలుగింటికి మళ్ళీ రాత్రి వంట మొదలు. రేకుల కప్పు కింద మే నెలలో మూడు గ్యాస్ పొయ్యిల ముందు నిలబడి వేపుడు తీయడం ఏపాటి కష్టమో బయట క్యూలో నిలబడ్డవాళ్ళకి కనపడదు. కవరు మీద ఐదు రూపాయలు పెంచినప్పుడు గొణిగేవాళ్ళు ఒక్కసారి లోపలికి తొంగిచూడాలి.

కవర్ల విషయంలో మాత్రం కొట్టునీ కొనేవాళ్ళనీ ఇద్దర్నీ తప్పుపట్టాల్సిందే. పొగలు కక్కే సాంబారుని పల్చటి ప్లాస్టిక్‌లో పోసి పావుగంట మోసుకుపోవడం ఒంటికి మంచిది కాదని అందరికీ తెలుసు. 120 మైక్రాన్ల కన్నా పల్చటి క్యారీ బ్యాగుల మీద 2022 చివరి నుంచి దేశమంతటా నిషేధం ఉంది. న్యూస్ పేపర్లో తినేవి చుట్టొద్దని ఆహార భద్రతా సంస్థ 2023లో గట్టిగానే చెప్పింది. పరిష్కారం అటక మీదే ఉంది. క్యారియర్ భోజనం రోజుల నాటి స్టీలు క్యారేజీ ఇంకా చాలా ఇళ్ళలో పడి ఉంది. గిన్నె తెచ్చుకునేవాళ్ళకి కొట్టువాళ్ళు కాదనరు, పైగా కవరు ఖర్చు మిగిలిందని ఇంకో అర గరిటె వేస్తారు. ఆఫీసు బ్యాగులో ల్యాప్‌టాప్ పక్కన ఒక మూత గిన్నె పట్టకపోదు.

కొట్టు ముందు నిలబడేవాళ్ళలో ఇప్పుడు పెద్దవాళ్ళు కనిపిస్తున్నారు. పిల్లలు డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఉంటారు, ఇక్కడ ఇద్దరే. మోకాళ్ళ నొప్పులతో ఆమె ఎక్కువసేపు నిలబడలేదు, ఆయనకి వంట రాదు. ఒక పప్పు, ఒక కూర కొనుక్కుంటే రెండు పూటలు గడుస్తుంది. అయితే కుర్రకారు నాలుకకి తగ్గట్టు వేసిన ఉప్పూ నూనే బీపీ మాత్రలు మింగేవాళ్ళకి సరిపడవు. పెద్దలకి రోజుకు ఐదు గ్రాముల ఉప్పు మించకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటుంది. అన్ని గిన్నెలూ మార్చక్కర్లేదు. తాలింపుకి ముందే కొంత పప్పు విడిగా తీసి ఉప్పు తగ్గించి ఉంచినా, సొరకాయో బీరకాయో ఒక కూర నూనె తేలకుండా చేసినా ఈ పెద్దవాళ్ళు రోజూ వచ్చే ఖాతాదారులవుతారు. కొన్ని కొట్లు చపాతీల కోసం, పుల్కాల కోసం పక్కన ఇంకో పెనం పెట్టుకున్నాయి. అలాగే ఈ గిన్నె కూడా కౌంటర్ మీదికి రావాలి, బోర్డు మీద దాని పేరు రాసి ఉండాలి.