సంతకం ఖరీదు

పాలకుర్తిలో వాళ్లింటి అరుగు మీద కూర్చునే ముసలమ్మలకు ఓ అనుమానం తీరనే తీరదు. "డాక్టరువైతివి గదా బిడ్డా... సూదియ్యవు, గోలీలు రాయవు. మరేం డాక్టరువే?" అని నిలదీస్తారు. ఆమె నవ్వి ఊరుకుంటుంది. తల్లి మాత్రం "రక్తం చూసే డాక్టరు" అని ఒక్క మాటలో తేల్చేస్తుంది.

అది పూర్తిగా తప్పూ కాదు. పెథాలజిస్టు అంటే రోగికి కనిపించని డాక్టరు. గడ్డలోంచి తీసిన ముక్క, సూదితో లాగిన నాలుగు చుక్కలు, గాజుపలక మీద పరిచిన రక్తం... ఆమెకు కనిపించేవి ఇవే. రోగికి కనిపించేదేమో రిపోర్టు కింద ఆమె సంతకం. అంతే!

వరంగల్‌లో ఎం.డి. చేసిన మూడేళ్లలో ఆమె నేర్చుకున్నది రోగాల పేర్లు మాత్రమే కాదు. శాంపిల్‌తో వచ్చే చీటీలో "మెడ మీద గడ్డ" అని తప్ప ఇంకేమీ ఉండదు. ఎన్నాళ్ల నుంచి ఉంది, జ్వరం వస్తోందా, బరువు తగ్గాడా... ఇవేవీ రాయరు. "చీటీని తిట్టుకుంటూ కూర్చోకు, లేచి వార్డుకెళ్లు" అనేవారు సీనియర్ మేడమ్. మొదట్లో సిగ్గుపడింది. సర్జన్‌కు ఫోన్ చేసి "సార్, ఈ ముక్క సరిపోదు, మళ్లీ పంపండి" అనడానికి ఆమెకు ఏడాది పట్టింది. పరీక్షలో ఎవరూ అడగని చదువు ఇదే!

అదృష్టం ఏమిటంటే, ఉద్యోగం కోసం దూరం పోనక్కర్లేకపోయింది. వరంగల్ కాకతీయ మెడికల్ కాలేజీ 1959లో మొదలైంది. ఆ తర్వాత చాలా ఏళ్లకు, 2022లో మహబూబాబాద్‌లో, 2023లో జనగామ, భూపాలపల్లిలో ప్రభుత్వ మెడికల్ కాలేజీలు వచ్చాయి. ఎం.బి.బి.ఎస్. పిల్లలకు పెథాలజీ చెప్పేవాళ్లు ప్రతి కాలేజీకీ కావాలి కదా! ఆమెకు జనగామలోనే కొలువు దొరికింది.

ఆ మొదటి జీతాల రోజుల్లోనే ఓ ల్యాబు యజమాని వెతుక్కుంటూ వచ్చాడు. "రోజూ రానక్కర్లేదు మేడమ్. మెషీన్ లెక్కపెడుతుంది, మా కుర్రాడు చూసుకుంటాడు. మీ సంతకం స్కాన్ చేసి ఇస్తే చాలు. నెలనెలా డబ్బు మీ ఖాతాలో పడుతుంది" అన్నాడు. మర్యాదగానే అన్నాడు.

ల్యాబు రిపోర్టు మీద పెథాలజీలో పీజీ చేసిన రిజిస్టర్డ్ వైద్యుడి సంతకమే ఉండాలన్న మెడికల్ కౌన్సిల్ మాట సరైనదేనని సుప్రీంకోర్టు 2017 డిసెంబరులో చెప్పింది. తర్వాత నిబంధనల్లో కొన్ని మార్పులు వచ్చినా ఆ సంతకానికి గిరాకీ తగ్గలేదు. చదువు కోసం చేసిన అప్పు ఇంకా అలాగే ఉంది. "ఆలోచించి చెబుతా" అని పంపించేసింది.

ఆలోచిస్తుండగానే చిన్నాయినకు జ్వరం వచ్చింది. ప్లేట్‌లెట్లు 42 వేలని రిపోర్టు. ఒకటిన్నర లక్షకు తగ్గకూడదని ఇప్పుడు ఊళ్లో పిల్లలకు కూడా తెలుసు. ఇల్లంతా గొల్లుమంది. హైదరాబాద్‌కు కారు మాట్లాడేశారు. ఆమె ఫోన్‌లోనే అడిగింది... చిగుళ్ల నుంచి రక్తం వస్తోందా, ఒంటి మీద మచ్చలున్నాయా అని. లేవన్నారు. "ముందు జనగామకు తీసుకురండి" అంది.

డ్యూటీ డాక్టరు పరీక్షించి, భయపడాల్సిన లక్షణాలేమీ లేవన్నాడు. ఆమె రక్తం తీయించి, గాజుపలక మీద పరిచి, రంగు వేసి మైక్రోస్కోపు కింద పెట్టింది. పలక చివరన ప్లేట్‌లెట్లు గుంపులు గుంపులుగా అతుక్కుని ఉన్నాయి! రక్తం గడ్డకట్టకుండా ఊదారంగు మూత గొట్టంలో వేసే మందుకు కొందరి రక్తంలో ప్లేట్‌లెట్లు ఇలా అంటుకుపోతాయి. గుంపును మెషీన్ ప్లేట్‌లెట్ల కింద లెక్కపెట్టదు. వేరే మందు ఉండే నీలం మూత గొట్టంలో మళ్లీ తీశారు. ఒక లక్షా తొంభై వేలు. కారు వెనక్కి పంపేశారు.

ఆ పాత రిపోర్టును ఆమె చాలాసేపు చేతిలోనే పట్టుకుంది. స్లైడు చూడాలన్న ఒక్క ముక్క కూడా లేదందులో. కింద సంతకం ఆమె ఎరిగిన ఓ సీనియర్‌ది. ఆయన ఉండేది హైదరాబాద్‌లో. ఆయన్ను తప్పుపట్టడానికి ఆమెకు నోరు రాలేదు. తనూ "ఆలోచించి చెబుతా" అన్న మనిషే కదా!

తండ్రితో చెబితే ఆయన నవ్వాడు. "మన పక్కూరు బమ్మెర పోతన పుస్తకమే రాజుకియ్యలేదంటరు. నువ్వు పేరిస్తవా బిడ్డా?" పోతనకు నెలవారీ వాయిదాలు లేవనుకోండి!

ల్యాబు యజమానికి ఆమే ఫోన్ చేసింది. "వారానికి మూడు సాయంత్రాలు వస్తాను. మెషీన్ అనుమానించిన ప్రతి శాంపిల్‌కూ స్లైడు చేసి ఉంచాలి. నేను చూసినదానికే సంతకం. డబ్బు మీరన్నదాంట్లో సగమైనా ఫర్వాలేదు" అంది. ఆయన "మళ్లీ మాట్లాడదాం మేడమ్" అన్నాడు.

నెల దాటింది. ఆయన ఫోన్ చేయలేదు. చిన్నాయిన మాత్రం "నాకు నీలం మూతదే" అని ఓ కాగితం ముక్క మీద ఆమెతో రాయించుకుని, ఆధార్ కార్డుతో పాటు జేబులో పెట్టుకుని తిరుగుతున్నాడు.