నేలపట్టు పక్షులు - కుడియెడమలు

నెల్లూరు సీమకు దక్షిణపుటంచున, గూడూరునుండి చెన్నపట్టణము పోవు రైలుదారిలో, దొరవారిసత్రమను చిన్న స్టేషను గలదు. దానికి చేరువనే నేలపట్టు చెఱువు. చెఱువనగా కలువలును తామరలును నిండిన చెఱువని సోదరీమణులు తలంపవలదు. నీటినడుమ నీటికడప చెట్లు తోపుగా నిలిచియుండును. వాని మొదళ్ళు నెలల తరబడి నీట మునిగియున్నను కుళ్ళవు. ఆ చెట్ల తలలపై అక్టోబరు మొదలు మార్చివఱకు గూడబాతులు గూళ్ళు కట్టి పిల్లలను లేపును. 1976లో దీనిని పక్షుల రక్షితస్థలముగా ప్రకటించిరి. విస్తీర్ణము సుమారు 459 హెక్టారులు. పక్షుల రెట్ట కలిసిన చెఱువునీరు పొలములకు పారి పైరుకు బలమిచ్చునని గట్టుక్రింది రైతులు చెప్పుకొందురు. అందుచే వారు పక్షులను అదలింపరు. ఇంటి యల్లుండ్ర రాకకువలె ఏటేట వాని రాక కెదురుచూతురు.

గడచిన సంక్రాంతి సెలవులలో మావారితోను, మా అత్తగారితోను, మా ఆడుబిడ్డ కూతురితోను గలిసి మేమీ తావులు చూచి వచ్చితిమి. పిల్లకు తొమ్మిదవయేడు, పుర్రచేతి వాటము. ఇంటిలో ఎవరైన మందలించినచో నవ్వి ఊరకుండెడిది. క్రిందటియేడు చేరిన బడిలో మాత్రము - ఏ బడియో చెప్పనేల - ఎడమచేత పెన్సిలు పట్టినప్పుడెల్ల వ్రేళ్ళ కణుపులమీద స్కేలుతో కొట్టిరి. నాలుగు నెలలలో అక్షరము కుడిచేతికి వచ్చినది గాని, పిల్ల బొమ్మలు గీయుట పూర్తిగ మానినది. మాయింటికి వచ్చినది మొదలు రెండుచేతులును ఒడిలో దాచుకొని కూర్చుండెడిది. మావారు తాము బడిపంతులగుటచే ఈ సంగతి విని మిక్కిలి నొచ్చుకొనిరి. అత్తగారు మాత్రము, "కొట్టుట తప్పే. మాన్పుట తప్పెట్లగును? రేపు పంక్తిలో ఎడమచేత వడ్డించినయెడల నలుగురేమందురు?" అనిరి. ఈ వాదము రైలులో మొదలై చెఱువుగట్టువఱకును వచ్చెను.

మంచె యెక్కి చూచినప్పుడు మొదట గూడబాతులే కన్నులు నిండినవి. తల్లి సంచివంటి నోరు తెఱవగా పిల్ల తన తలను మెడవఱకు దానిలో దూర్చి చేపలు తినుచుండెను. గిన్నెలో చేయిపెట్టి తిను బిడ్డలను మనము కోపించుట యెట్లని అత్తగారే నవ్విరి. అయినను మాకు ఎక్కువ వింతగొలిపినది గూడబాతు గాదు, నత్తగుల్ల కొంగ. బూడిదవన్నె తెలుపు, రెక్కలంచున నలుపు. దీని ముక్కు మూసినను పూర్తిగ మూతపడదు. పై ముక్కును క్రింది ముక్కును మొదటను కొనను కలిసి, నడుమ సందు విడిచియుండును. అచ్చముగా మన అడకత్తెర. పిల్లపక్షికి ఈ సందు ఉండదు, పెరిగినకొలది ఏర్పడును.

గట్టుకు దగ్గరగా వచ్చిన ఒక కొంగను మావారి దుర్భిణితో పిల్ల చాలసేపు చూచి, "అత్తా, దీని క్రింది ముక్కుకొన ఎడమకు వంకర పోయినది" అనెను. మఱల తానే, "కాదు కాదు, మనకెడమ. కొంగకు కుడి" అని దిద్దుకొనెను. పిల్ల కన్ను సూక్ష్మమైనది. ఈ జాతిలో చాల పక్షులకు క్రింది ముక్కుకొన కుడికి మెలితిరిగి యుండునని పక్షిశాస్త్రజ్ఞులు వ్రాసియున్నారు. దీనికి తగిన పనియు గలదు. మన చెఱువుల నత్తగుల్లను మొన పైకిబట్టి నోరు మనవైపునకు త్రిప్పినచో, ఆ నోరు కుడిప్రక్కనుండును. లోని మెలికయు ఆ వాటముననే తిరుగును. కొంగ నీటిలోనే నత్తను పట్టి, మెలివడిన ముక్కుకొనను నోటిలోనికి జొనిపి, మాంసమును పైకి లాగును. గుల్ల పగులకుండుటయు గలదు. ముక్కునడుమ సందు చూచి, ఇది పోకలవలె నత్తలను కొఱుకునని పూర్వులు కొందఱు తలంచిరి. నిజమైన పనితనము కొనయందున్నది.

నెల్లూరిలో సర్కారు వైద్యుడుగా నుండిన జెర్డనను ఆంగ్లేయుడు పందొమ్మిదవ శతాబ్దములో మనదేశపు పక్షులనుగూర్చి పెద్ద గ్రంథము వ్రాసెను. నెల్లూరు, కడప సీమల కలివికోడికి ఇంగ్లీషువారు పెట్టిన పేరు ఇతనిదే. కన్నులు మూసిన నత్తగుల్ల కొంగయు నీటిలో నత్తను పట్టగలిగెనని ఇతడు తెలిపెను. చూపు లేకున్నను ముక్కు తన వాటమెఱుగును. ఇట్టిదే మఱియొకటి దూరదేశమున గలదు. న్యూజీలాండులోని ఒక చిన్న నదీతీరపు పిట్టకు ముక్కంతయు కుడికే వంగియుండును. ఒకదానికి కుడికి, ఒకదానికి ఎడమకు గాదు. ఆ జాతి పిట్ట లన్నిటికిని కుడికే. ఏటిరాళ్ళ క్రింద ప్రక్కగా ముక్కు దూర్చి పురుగుల నేరుకొనును.

ఇచ్చట శంఖము మాట జ్ఞప్తికి వచ్చినది. మనము పూజామందిరములో దక్షిణావర్త శంఖమును అపురూపముగ నెంచుదుము గదా. మామూలు శంఖము వామావర్తమందుము. శాస్త్రజ్ఞుల నడిగినచో ఆ మామూలు శంఖమునే కుడివాటపుదందురు, మన దక్షిణావర్తమును ఎడమవాటపుదందురు! కారణము మఱేమియులేదు. వారు మొన పైకి బట్టి చూతురు, మనము తోకవైపు పైకి బట్టి చూతుము. శంఖ మొక్కటే. ఈ మాట మంచెమీద చెప్పినప్పుడు అత్తగారు తమ చేతిని తలక్రిందులుగా పెట్టి చూచుకొనిరి గాని ఏమియు ననలేదు. పిల్ల మావారి చేతిపుస్తకము వెనుకపుట తెఱచి కొంగముక్కును గీయసాగెను. ఏ చేతితోనో మేము చూడనట్లే యుంటిమి. అత్తగారు చూచిరి. ఆవలివైపునకు తిరిగి గూడబాతుల నెన్నుచుండిరి.

ఆ రాత్రి సూళ్ళూరుపేటలో మావారి మిత్రుల యింట బస చేసితిమి. ఉదయమున పెరటిగోడమీదుగా చూడగా, ప్రక్కయింటి దొడ్డిలో కోడి పదికి మించిన పిల్లలతో తిరుగుచుండెను. నూకలును ఇసుకయు కలిసిన నేలను పిల్లలు పొడుచుచుండెను. మనము చేటలో బియ్యము పోసి రాళ్ళేరునట్లు అవియు ఏరుకొనును. ఇందు రెండు కన్నులకును ఒకటే పనిగాదని ఎందఱెఱుగుదురు? ఒక కన్ను మూసి, గింజలలో చిన్నరాళ్ళు కలిపి చల్లి పరీక్షించిరి. కుడికన్ను తెఱచియున్న పిల్ల త్వరలోనే రాళ్ళు విడిచి గింజలనే ఏరుట నేర్చినది; ఎడమకన్ను మాత్రమే తెఱచియున్నది వెనుకబడినది. గద్ద నీడ పైన కదలినప్పుడు మాత్రము ఎడమకన్నే మేలు. కోడి తల ప్రక్కకు వంచి ఎడమకంట ఆకాశము చూచును. పక్షులలో కుడికంటి చూపు ముఖ్యముగ మెదడు ఎడమభాగమునకును, ఎడమకంటి చూపు కుడిభాగమునకును పోవును. అందుచే ఒకటి వంటలక్క, ఒకటి కావలిదియైనట్లు పని పంచుకొన్నవి.

ఈ పంపకము ఎచ్చట మొదలగునో విన్నచో తల్లులకు మఱింత ముచ్చటగా నుండును. గ్రుడ్డులో పిల్ల పెరిగి బయటికి వచ్చుటకు మూడు నాలుగు దినములు ముందుగా, తల త్రిప్పుకొని పడుకొనును. అప్పుడు దాని ఎడమకన్ను తన మేనికే ఆనియుండును. కుడికన్ను పెంకువైపున నుండును. తల్లి మేతకై లేచినప్పుడెల్ల పెంకుగుండ వెలుతురు ఆ కుడికంటికి తగులును. 1982లో ఆస్ట్రేలియాదేశపు పండితురాలు లెస్లీ రోజర్సుగారు ఈ వెలుతురే కన్నుల పనిపంపకమును కుదుర్చునని వెల్లడించిరి. వెలుతురు సోకక చీకటిలో పొదుగబడిన పిల్లలలో ఆ పంపకము సరిగా కుదురదు. 2004లో ఆమెయు, తోడి పండితులును జరిపిన మఱియొక పరీక్షలో, వెలుతురు సోకిన పిల్లలు గింజ లేరుచునే పైనున్న గద్దబొమ్మను కనిపెట్టగలిగెను. చీకటిపిల్లలకు ఆ రెండుపనులు ఒక్కసారి చేతగాలేదు. పొయ్యిమీది పాలు చూచుచు, ఊయెలలోని బిడ్డను కనిపెట్టు మనకు ఈ పరీక్ష యొక్క విలువ వేఱుగ చెప్పనక్కఱలేదు.

మఱియొక మాట గలదు. కోడికి గ్రుడ్డు తయారగునది ఎడమప్రక్క మాత్రమే. కుడివైపు అండాశయము పిండదశలో మొదలైనను పెరుగక నిలిచిపోవును. లోకములోని కోడిగ్రుడ్లన్నియు ఎడమవైపునుండి వచ్చినవే యన్నమాట. మావారు దీనిని చెప్పగా అత్తగారు, "పిల్లముందు ఏమిమాటలు" అని కసరిరి. పిల్ల మాత్రము ఫక్కున నవ్వెను. ఆ నవ్వు విని చాలదినములైనది.

మధ్యాహ్నమునకు ప్రళయకావేరికి బయలుదేరితిమి. పులికాటు సరస్సునకు ఇచ్చటి పాతపేరిది. ఉప్పుటేటి సరస్సులలో మనదేశమున చిల్కకు తరువాత ఇదియే పెద్దది. సూళ్ళూరుపేటనుండి శ్రీహరికోటకు పోవు దారి సరస్సు నడుమనుండి సాగును; అవతలిగట్టున రాకెట్టులను ఎగురవేయు కేంద్రము గలదు. దారికి ఇరువైపులను నీరు, నీటిలో గులాబివన్నె చారలవలె ఫ్లెమింగోలు. పత్రికలవారు వీనిని రాజహంసలని వ్రాయుదురు. మేము చదివిన అమరమునుబట్టి రాజహంస తెల్లని మేనును, ఎఱ్ఱని ముక్కును కాళ్ళును గలది. ఆ లక్షణమునకు ఇవి కొంత దగ్గరే గాని, ఈ వంకరముక్కును జూచి నలుడు దమయంతికి రాయబారమంపునా యని మాకు సందేహము.

ఫ్లెమింగో ఒంటికాలిమీద నిద్రించును. ఏ కాలు ముడుచునని పిల్ల లెక్కపెట్టసాగెను. కొంతసేపటికి, "సగముసగము, అత్తా" అనెను. అమెరికాలో ఫిలడెల్ఫియా జంతుశాలలోని ఫ్లెమింగోలను పరిశీలించినవారును అట్లే, కాళ్ళలో పక్షపాతము లేదనిరి. పడుకొనునప్పుడు మెడను వీపుమీదికి త్రిప్పుటలో మాత్రము చాలవఱకు కుడిప్రక్కనే వాలుట కనిపెట్టిరి. కొన్ని మాత్రము ఎడమకే వాలును. గుంపు వానిని వెలివేయలేదు.

తిరుగుదారిలో తుమ్మకొమ్మపై ఒక రామచిలుక యుండెను. 2018నుండి ఆంధ్రప్రదేశమునకు ఇదియే రాష్ట్రపక్షి. చిలుకజాతులలో కుడియెడమల వాటము చేతిలోవలె కాలిలో నుండును. ఆస్ట్రేలియాలోని పచ్చజుట్టు తెల్ల కాకతువ్వలు ఇంచుమించుగా అన్నియు ఎడమకాలితోనే పండు పట్టుకొని తినును. పిల్ల ఇది విని, "అమ్మమ్మా, వాని బడిలో పంతులుండడా?" అని యడిగెను.

అత్తగారు వెంటనే బదులీయలేదు. కొంత తడవునకు మావైపు తిరిగి, "నీవు సంస్కృతము చదివితివి గదా, ఎడమను గూర్చి పెద్దలేమనిరి?" అనిరి. మేము మాకు తెలిసినది చెప్పితిమి. అశోకవనములో సీతమ్మకు శుభము సూచించుచు అదరినది ఎడమకన్ను, ఎడమభుజము. మేఘుడు ప్రయాణమగునప్పుడు కాళిదాసు చాతకపక్షిని ఎడమవైపునే పలికించి మంచిశకునము చేసెను. వామమనగా ఎడమయు, ప్రతికూలమును మాత్రమే గాదు, సుందరమనియు నర్థము గలదు. స్త్రీకి వామయని పేరు. అత్తగారు సీతమ్మ మాటకు చేతులు జోడించిరి. తక్కిన పాండిత్యమునకు అంతగా లొంగలేదు. చివరకు పిల్లను దగ్గరకు తీసికొని, "వ్రాయునదియు గీయునదియు నీ యిష్టము వచ్చిన చేత చేసికొనుము. అన్నము తినుట, వడ్డించుట, తాంబూలమిచ్చుట కుడిచేతనే. ఏమే, సరేనా?" అనిరి. పిల్ల బేరమాడి ముగ్గు వేయుటను గూడ ఎడమచేతికి సంపాదించెను. మాకును ఈ యేర్పాటు సబబుగనే తోచినది. పదిమందిలో నడువవలసిన పిల్లకు పదిమంది మర్యాదయు వలెను గదా. మావారు ఆ రాత్రియే చెల్లెలికొక యుత్తరమును, బడి ప్రధానోపాధ్యాయులకొక యుత్తరమును వ్రాసిరి. బడినుండి ఇంకను జవాబు రాలేదు.

ఈ తావులు చూడగోరు సోదరీమణులు డిసెంబరు, జనవరి, ఫిబ్రవరి నెలలలో పోవుట మేలు. తెల్లవాఱుజామున చెఱువు చేరినచో పక్షులు మేతకు లేచుట చూడవచ్చును. మెఱయు జరీచీరలు కట్టవలదు. పచ్చని చెట్లలో కలిసిపోవు రంగులు మంచివి. పిల్లలను చప్పట్లు చఱవనీయరాదు. గూటిలోని తల్లి బెదరి లేచినచో పిల్లలు ఎండకు మాడును, కాకులకు చిక్కును. త్రాగునీరును ఫలహారమును వెంట తీసికొనిపోవలెను. చెత్తను మఱల ఇంటికే తేవలెను. దుర్భిణి ఉన్నచో మఱువవలదు. అది లేనిచో నత్తగుల్ల కొంగ ముక్కుకొన వంకర కంటికానదు.