నెగటివ్‌లో లేని నాయన

మా ఇంట్లో మా నాయన ఫోటో లేదు. ఊర్లో పెద్దిండ్ల వాకిట్లో నిలబడితే లోపల గోడ మీద వాళ్ల తాతలు, ముత్తాతలు వరసగా కనపడేవాళ్లు. కుంకుమ బొట్టు, ప్లాస్టిక్ పూలదండ, అద్దం. మేము వాకిలి దాటి పోయేది లేదు కాబట్టి వాళ్ల పెద్దోళ్లను దూరం నుంచే చూసినాం. మా మాదిగ గేరిలో మాత్రం మనిషి పోతే మొగం గూడా పోయేది.

మాది కదిరి పక్కన మెట్ట ఊరు. అప్పుడది అనంతపురం జిల్లా, 2022 నుంచి శ్రీ సత్యసాయి జిల్లా. ఏడాదంతా కలిపి 550 మిల్లీమీటర్ల వాన పడితే ఎక్కువ అనుకునే నేల. నాయన తప్పెట కొట్టేవాడు, చెప్పులు కుట్టేవాడు, శెనిక్కాయ పెరికే కాలంలో కూలికి పోయేవాడు. వాన మొగం చాటేసిన ఒక ఏడు బెంగుళూరుకు పోయి, కడతాండే మిద్దె మీద నుంచి పడి చచ్చిపోయినాడు. నాకప్పుడు పన్నెండేండ్లు. ఏడాది తిరిగినాక మా అవ్వ ఒకరోజు పొయ్యికాడ కూర్చోని ఏడ్సింది. "నా కొడుకు మొగం మర్సిపోతాండా రా. కండ్లు మూస్తే గొంతు ఇనపడతాది గాని మొగం కనపడదు" అనింది.

నేను ఫోటోల పనికి పోయింది ఆ మాట వల్ల గాదు. పదో తరగతి తప్పి, ఇంట్లో కూడు లేక పోయినాను. 1986లో కదిరి టౌన్‌లో ఒక స్టూడియోలో చేరినాను. నా పని నీళ్లు మోయడం. ఫోటోల పనికి వెలుతురు ఎంత ముఖ్యమో నీళ్లు గూడా అంత ముఖ్యం అని బయటోళ్లకు తెలీదు. ఫిలిం కడగాల, కాగితం మీద వేసిన ఫోటో కడగాల. హైపో మందు సరిగ్గా పోకపోతే ఫోటో కొన్నాళ్లకు పసుపెక్కి పాడైపోతాది. మామూలుగా పారే నీళ్లల్లో గంటసేపు ఉంచాల. కదిరిలో పారే నీళ్లు యాడివి? బోరింగు కాడ లైన్లో నిలబడి బిందెలు మోసి, ట్రేలో నీళ్లు ఐదారుసార్లు మార్చేవాణ్ణి.

ఆ స్టూడియోలో రెండు కుండలు ఉండేవి. ఫోటోలు కడిగే కుండ నేను నింపేవాణ్ణి. తాగే కుండ నేను ముట్టగూడదు. నీళ్లు మాత్రం ఒకే బోరింగువి. ఇది రాస్తాంటే ఇప్పుడు గూడా నా చెయ్యి బిగుసుకుంటాది. నరసింహస్వామి తేరు రోజుల్లో ఫోటో దిగినోళ్లు వందలమంది. వాళ్ల ఫోటోలన్నీ నా నీళ్లతోనే కడిగినాను. అవి వాళ్ల దేవుడి గూట్లోకి గూడా పోయినాయి.

అయినా ఆ చీకటిగదే నాకు బడి. ఎర్రబల్బు వెలుతురులో తెల్ల కాగితం మందులో వేస్తే ముందు వెంట్రుకలు, తర్వాత కండ్లు, ఆఖర్న బుగ్గలు వచ్చేవి. ఫిలిం కడిగే డెవలపర్ 20 డిగ్రీల వేడిలో ఉండాలని డబ్బా మీద రాసింటాది. మా ఎండాకాలం నీళ్లు 35 డిగ్రీలుంటాయి. అంత వేడిలో కడిగితే ఫిలిం మీది పూత మెత్తబడి గీతలు పడతాది. మందు సీసాను తడిగుడ్డ చుట్టి, తడి ఇసకలో పెట్టిన మట్టికుండలో రాత్రంతా దించి చల్లార్చేవాణ్ణి. మా అవ్వ మజ్జిగ చల్లబెట్టే ఉపాయమే అది. డబ్బా మీద అది రాసిలేదు.

ఒకరోజు పాత నెగటివ్‌ల డబ్బాలు దుమ్ము దులుపుతాంటే మా ఊరి పేరు రాసిన కవర్ ఒకటి దొరికింది. మా గేరికి పక్కా ఇండ్లు వచ్చినప్పుడు ప్రారంభానికి తీసిన గ్రూప్ ఫోటో. నా గుండె దడదడలాడింది. ఆ రోజు తప్పెట కొట్టింది మా నాయనే. బల్బు ముందర పెట్టి చూసినాను. ముందు వరసలో తెల్లబట్టల నాయకులు ఎండలో కుర్చీలేసుకోని కూర్చున్నారు. బాగా కడగా, యాపచెట్టు నీడలో, భుజానికి తప్పెట తగిలించుకోని ఒక మనిషి. ఆ నిలబడే తీరు నాకు తెలుసు. మా నాయన!

సారు ఇంటికి పోయినాక ఆ నెగటివ్‌ను ఎన్‌లార్జర్‌లో పెట్టినాను. నాయన తలకాయ ఒక్కటే కాగితం నిండా వచ్చేటట్టు పెద్దది చేసినాను. మందులో వేసినాను. తప్పెట అంచు వచ్చింది. తలగుడ్డ వచ్చింది. మొగం ఉండాల్సిన చోట నల్లటి మచ్చ వచ్చింది. వెలుతురు తగ్గించి ఇంకొకటి వేసినాను. మచ్చ బూడిదరంగుకు వచ్చింది. కండ్లు రాలా, ముక్కు రాలా. ఆరు కాగితాలు పాడుచేసి అప్పుడు భూతద్దంతో నెగటివ్‌నే చూసినాను. ఆ చోట ఫిలిం అద్దం మాదిరి తేటగా ఉంది. వెలుతురు తగిలిన చోటే ఫిలిం మీద వెండి నల్లగా నిలుస్తాది. తగలని చోట మందులో కొట్టుకోని పోతాది. అక్కడ వెండి లేదు, కాబట్టి నాయన లేడు. ఎన్ని కాగితాలు వేసినా లేని మనిషిని తేలేను.

పొద్దున సారుకు చూపించి అడిగినాను. "నల్లోళ్లు గదరా మీరు, మీ మొగాలు ఫిలింలో పడవు. ఫిలిం ఏం చేస్తాది?" అన్నాడు. మావాళ్లు ఫోటో దిగేదానికి వస్తే "పో, మొగానికి పౌడర్ కొట్టుకోని రాపో" అనేవాడు. అది నేను ఆరేండ్లు నమ్మినాను. మా తప్పు మా తోలులోనే ఉందని.

1992లో సెకండ్‌హ్యాండ్ పెంటాక్స్ కె1000 కొన్నాను. ఒక రీలు ఖరీదు మా అమ్మ మూడు దినాల కూలి. అందుకే ప్రతి ఫోటోకు ఎపర్చరు ఎంత, షట్టరు ఎంత, ఏ పొద్దులో తీసినాను అని నోటుబుక్కులో రాసుకున్నాను. ఎండలో, 100 స్పీడు ఫిలింకు, ఎపర్చరు 16, షట్టరు 125. అదే చెట్టు నీడలోకి వస్తే ఎపర్చరు 16 నుంచి 11, 11 నుంచి 8, 8 నుంచి 5.6కు తెరవాల. ఒక్కో మెట్టుకు వెలుతురు రెట్టింపు. మూడు మెట్లంటే ఎనిమిది రెట్లు. గ్రూప్ ఫోటో తీసినాయన ముందు వరస తెల్లబట్టలకు సరిపోయేటట్టు కెమెరా పెట్టినాడు. నీడలో ఉన్న మా నాయనకు దక్కింది ఎనిమిదో వంతు.

సూది మీటరుకు గూడా ఒక జబ్బుంది. దాని ముందర ఏది పెట్టినా సగం తెలుపు, సగం నలుపు కలిసిన బూడిదరంగు అనుకుంటాది. సున్నం కొట్టిన గోడ ముందర మనిషిని పెట్టి మీటరు నమ్మితే, వెలుతురు ఎక్కువైందని మూసేయమంటాది. మనిషి మొగం మసి అయితాది. అప్పుడు ఒకటిన్నర, రెండు మెట్లు తెరవాల. నల్లటి మొగానికి దగ్గరగా పోయి కొలిస్తే తిరకాసు. ఎక్కువ తెరవమంటాది. అప్పుడు ఒక మెట్టు మూస్తే ఆ నలుపు ఉన్నది ఉన్నట్టు, మెరుపుతో సహా వస్తాది. ఇది నేను నేర్చుకున్నది తిమ్మమ్మ మర్రిమాను కింద. 1989లో గిన్నిస్ పుస్తకంలోకి ఎక్కిన ఆ చెట్టు నీడ సుమారు ఐదెకరాలు. ఆకుల సందుల్లో నుంచి ఎండ మచ్చలు మచ్చలుగా పడతాంటాది. మా గేరి పిల్లోణ్ణి ఒకణ్ణి తీసుకోనిపోయి, ఎండమచ్చలో ఒకటి, నీడలో ఒకటి, సగం సగం ఒకటి, ఒకే రీలు అంతా వాని మొగమే తీసినాను. కడిగి చూస్తే, ఒకే వెలుతురులో ఉంటే నల్లటి మొగాన్నీ తెల్ల చొక్కానూ రెండింటినీ ఫిలిం పట్టుకుంది.

అంటే ఏమి? ఆ రోజు కెమెరా వెనకున్నాయన "ఓయ్ తప్పెటాయనా, రెండడుగులు ఎండలోకి రా" అని ఒక్క మాట పిలిచింటే చాలు. మా నాయన ఉండేవాడు. పిలవలా. ఆయన గూడా పిలవకుండా రాలా. ఎండలోకి రావచ్చని ఆయనకు ఎవరూ చెప్పలా.

ఇది మా కదిరి సంగతి ఒక్కటే గాదని తర్వాత చదివి తెలుసుకున్నాను. అమెరికాలో కొడాక్ కంపెనీ కలర్ ల్యాబులకు రంగులు సరిచూసుకునేదానికి తెల్లజాతి ఆడమనిషి ఫోటో ఉన్న కార్డు పంపేది. దాన్ని షర్లీ కార్డు అనేవాళ్లు. ఆమె తోలు బాగా వస్తే ఫోటో బాగొచ్చినట్టు. గోధుమరంగులు సరిగ్గా రావడంలేదని చాక్లెట్లు, చెక్కసామాను అమ్మే కంపెనీలు మొత్తుకున్నాక ఫిలిం బాగుపడిందని ఆ కంపెనీలో పనిచేసినోళ్లే చెప్పినారు. నల్లోళ్ల మొగాల కోసం గాదు! అయినా ఆ దేశంలోనే గోర్డన్ పార్క్స్ అనే నల్లాయన తాకట్టు దుకాణంలో కెమెరా కొనుక్కోని, 1942లో వాషింగ్టన్‌లో ఆఫీసు ఊడ్చే ఎల్లా వాట్సన్‌ను చీపురుతో, జెండా ముందర నిలబెట్టి ఫోటో తీసినాడు. మన పక్క ముంబైలో సుధారక్ ఓల్వే మురికికాలువల్లో దిగే సఫాయి కార్మికుల్ని ఏండ్ల తరబడి తీసినాడు. 2016లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. మావాళ్ల మొగాలు నేను పేపర్లలో ఎక్కువగా చూసింది కారంచేడు (1985), చుండూరు (1991) తర్వాతనే. శవాలుగా, ఏడ్చే ఆడోళ్లుగా. బతికుండి నవ్వే మొగాలు తీయాల్సింది మనమే.

నేను మొదట తీసింది మా అవ్వను. పొద్దున ఎనిమిది గంటలకు, వాకిట్లో చూరు నీడలో కూర్చోబెట్టినాను. మధ్యాన్నం ఎండలో కంటిగుంతలు నల్లబడిపోతాయి కాబట్టి. ముందర నేల మీద యూరియా సంచి తెల్లపక్క పైకి తిప్పి పరిస్తే, వెలుతురు ఎగిరి గదవ కింద పడింది. ఎపర్చరు 5.6. "పౌడర్ కొట్టుకోవాల్నా?" అని అడిగింది. "వద్దవ్వా" అన్నాను. నాలుగు దినాలకు ఫోటో తెచ్చి చేతిలో పెట్టినాను. మసక కండ్లకు దగ్గరగా పట్టుకోని చానాసేపు చూసింది. ఫోటోలో తన గదవ మీద వేలు పెట్టింది.

"ఇదో, ఈడ... నీ నాయనది ఇట్లే ఉండేది రా" అనింది.

అవ్వ ఇప్పుడు లేదు. ఆ ఫోటో మా గోడ మీద ఉంది.

ఇప్పుడు ఆదివారాలు మా గేరి పిల్లోళ్లకు నేర్పిస్తాండాను. కెమెరా అక్కర్లేదు, అందరి చేతుల్లో ఫోన్లున్నాయి. ముందు అద్దం గుడ్డతో తుడువు. సూర్యుణ్ణి మనిషి వెనక పెట్టొద్దు. ఫోన్ తెర మీద మొగం పైన వేలు పెట్టి నొక్కు, ఫోకస్ కండ్ల మీద పడతాది, వెలుతురు గూడా అక్కణ్ణుంచే కొలుస్తాది. మొగం మరీ తెల్లబడితే పక్కనొచ్చే గీతను కిందికి లాగు. తెల్లగా చేసే ఫిల్టర్లు తీసేయ్. తీసిన ఫోటో ఫోన్లోనే పెట్టుకోకు, కాగితం మీద వేయించి వెనకాల పేరు, ఊరు, తేదీ రాయి.

గ్రూప్ ఫోటో తీసేటప్పుడు మాత్రం నొక్కే ముందర తల ఎత్తి ఈ చివర నుంచి ఆ చివరకు చూడమంటాను. నీడలో ఎవరన్నా మిగిలినారేమో. మిగిలింటే పేరుపెట్టి పిలవాల, ఈ పక్కకు రమ్మని. వాళ్లు వచ్చినాకనే నొక్కాల.