అన్నీ ఒక్కటేనా?

మా ఇంట్లో ప్రతి పనిముట్టుకూ రెండు పేర్లు. దాదా రేతి అనేవాడు. వాడకట్టులోని వడ్ల తాత ఆకురాయి అనేవాడు. అబ్బా ఇద్దరి దగ్గరా పని నేర్చుకున్నాడు గనక ఏ పేరు ముందు నోటికొస్తే ఆ పేరుతో పిలిచేవాడు. ఆరీ, రంపం. బసూలా, బాడిసె. రుఖానీ, ఉలి. బర్మా మాత్రం రెండు దిక్కులా బర్మానే. అన్నదమ్ములం ముగ్గురం ఈ రెండు పేర్ల నడుమనే పెరిగాం.

మా మూసారాంబాగ్‌దీ అదే కథ. నిజాం కొలువులో పనిచేసి 1798లో చనిపోయిన ఫ్రెంచి సేనాని రేమండ్ పేరు జనం నోట నలిగి మూసా అయింది. హిందువులు మూసా రాం అన్నారు. ముసల్మానులు మూసా రహీం అన్నారు. ఆయన సమాధి ఇప్పటికీ ఆస్మాన్‌గఢ్ గుట్ట మీద ఉంది. రాముడో రహీమో తేల్చుకొమ్మని ఆ సమాధిని ఎవరూ నిలదీయలేదు. మమ్మల్ని మాత్రం నిలదీస్తూనే ఉన్నారు.

దాదా ఖరాదు మీద హుక్కా గొట్టాలు తీసేవాడు. హుక్కాలు తాగేవాళ్ళు తగ్గిపోయాక అబ్బా తలుపులు, కిటికీల పనిలో పడ్డాడు. ఒకరోజు ఒక పెద్దాయన విరిగిన పొగాకు పైపు తెచ్చి అలాంటిది చేసివ్వమన్నాడు. అట్లా మొదలైంది. పొగాకు మంచిదని మేం చెప్పం. దాదా దగ్గు ఇప్పటికీ మా చెవుల్లో ఉంది. కానీ ఆ పని మా చేతులకు అన్నం పెట్టింది, చెయ్యి ఎట్లా తిప్పాలో నేర్పింది.

సీమలో పైపుకు బ్రయర్ అనే పొద వేరుగడ్డ వాడతారు. అది నిప్పుకు తొందరగా కాలదు. మాకు దొరికేది సీసం కట్టె. ముందు బర్మాతో బొక్కలు వేయాలి, ఆకారం తర్వాత. పొగాకు దట్టించే గుంత, పొగ వచ్చే సన్నటి దారి, రెండూ సరిగ్గా గుంత అడుగున కలవాలి. దారి పైకి పోయిందంటే అడుగున పొగాకు తడిసి మిగిలిపోతుంది. గోడ పల్చనైతే చెయ్యి కాలుతుంది. రంపంతో మూలలు కోసేశాక ఇక పనంతా రేతిదే.

ఇనుము రేతికి గీతలుంటాయి. కట్టె రేతికి విడివిడిగా పళ్ళుంటాయి. మిషన్ మీద కొట్టిన పళ్ళు వరసగా ఉంటే ముందు పన్ను గీసిన చాలులోనే వెనక పన్ను నడుస్తుంది. కట్టె మీద దున్నినట్టు గాళ్ళు పడతాయి. చేత్తో ఒక్కొక్కటే కొట్టిన పళ్ళు ఒక వరసలో ఉండవు. ఒకటి వదిలింది ఇంకొకటి అందుకుంటుంది. కట్టె నున్నగా వస్తుంది. ఫ్రాన్సులో ఇప్పటికీ అట్లా చేత్తో కొట్టేవాళ్ళున్నారు. ఎడమచేతి వాటం వాళ్ళకు పళ్ళ వాలు మార్చి వేరే చేసిస్తారు. ఒక గిరాకీ అలాంటిది తెచ్చి చూపిస్తే అబ్బా మురిసిపోయాడు. "మన మూసా దేశందా?" అన్నాడు.

మాకు అంత ఖరీదైనవి ఎక్కడివి? దుకాణంలో ఉన్నవాటిలోనే ఏరుకోవాలి. అబ్బా ఒక్కో రేతిని కంటికి ఎదురుగా పట్టి వంకర చూసేవాడు. వెలుతురుకు అటూ ఇటూ తిప్పేవాడు. మొద్దుబారిన పన్ను తళుక్కుమంటుంది, పదునైనది మెరవదు. ఒకవైపు చదును, ఒకవైపు సగం గుండ్రం ఉన్నది ఒకటి. గిన్నె, కాడ కలిసే మెడ దగ్గరికి ఎలుక తోకలాంటి సన్నది ఒకటి. ఇంటికి తెచ్చాక ఒకదానికొకటి ఒరుసుకోకుండా అమ్మీ పాత దుపట్టా పేలికల్లో చుట్టిపెట్టేవాడు. చాళ్ళు పడకుండా ఒకసారి ఈ ఏటవాలుగా, ఒకసారి ఆ ఏటవాలుగా తోసేవాడు.

1992 డిసెంబర్ తర్వాత కొద్ది రోజులకు ఒక కొత్త దుకాణానికి పోయాం. "ఆకురాళ్ళు చూపియ్యి సేటూ" అన్నాడు అబ్బా. సేటు డబ్బా మొత్తం ముందు పెట్టాడు, చాయ్ తెప్పిస్తానన్నాడు. అబ్బా నాలుగు చూసి రెండు పక్కన పెట్టాడు. బిల్లు మీద రాయడానికి సేటు పేరడిగాడు. అబ్బా చెప్పాడు. సేటు కలం ఆగింది. డబ్బా వెనక్కి జరిగింది. అప్పటిదాకా తెలుగులో మాట్లాడిన మనిషి హిందీలోకి మారాడు. "ఏదో ఒకటి తీస్కో, అన్నీ ఒక్కటే" అన్నాడు.

చాయ్ రాలేదు. రెండు రేతులకూ డబ్బులిచ్చి బయటికొచ్చాం. దారి పొడుగునా అబ్బా మాట్లాడలేదు.

పండక్కి పాతబస్తీ చుట్టాలింటికి పోతే ఇంకో తీరు. "మీ ఉర్దూలో తెలుగు వాసనొస్తది" అని నవ్వుతారు. మేం ఆకురాయి అన్నప్పుడల్లా పిల్లలు మూతులు తిప్పుతారు. అక్కడ మేం తెలుగోళ్ళం, ఇక్కడ మేం తురకోళ్ళం. మాతృభాష అని రాసిన గడి ముందుకొచ్చినప్పుడల్లా అన్నదమ్ములం ముగ్గురం మూడు తీర్ల ఆలోచిస్తాం. అమ్మీ జోలపాడింది ఉర్దూలో. వడ్ల తాత తిట్టి పని నేర్పింది తెలుగులో. ఏది కొట్టేయాలి?

2018లో మా మూసారాంబాగ్‌కు మెట్రో వచ్చింది. స్టేషన్ బోర్డు మీద ఆ పేరు చదివినప్పుడల్లా మూసా గుర్తొస్తాడు. ఆ ఒక్క పేరులో ఫ్రెంచి మనిషీ ఉన్నాడు, రాముడూ ఉన్నాడు, ఫార్సీ తోటా ఉంది. అది తెలుగు పేరు కాదని ఎవరంటారు? మేమూ అంతే.

అబ్బా పోయాక ఆ పేలికల మూటలు మా పాలికొచ్చాయి. ఆ రోజు కొన్న రెండు రేతులూ అందులోనే ఉన్నాయి. ఒకటి కొంచెం ఎడమకు లాగుతుంది, ఒకటి మెడ దగ్గర బాగా కొరుకుతుంది. ముప్పై ఏళ్ళుగా పట్టుకుంటున్నాం, రెండూ ఒక్కటి కావు. అన్నీ ఒక్కటే అన్న సేటు వాటిని అమ్మాడే గానీ ఎప్పుడూ చేత్తో పట్టి కట్టె మీద తోసి చూడలేదు.